గిటార్‌కి చప్పుడు లేని కిల్ స్విచ్

నా ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాట్‌కి మొదట పెట్టిన కిల్ స్విచ్ (నొక్కినంతసేపు శబ్దం ఆపే బటన్) నొక్కితే ఆంప్‌లో బుర్రుమని హమ్ వచ్చేది. కారణం, స్విచ్ హాట్ వైరును, అంటే సిగ్నల్ మోసే వైరును, మధ్యలో తెంపుతోంది. తెగిన వైరు యాంటెన్నాలా పనిచేసి చుట్టుపక్కల కరెంటు గోలంతా పట్టేస్తుంది. హాట్‌ను తెంపకూడదు, గ్రౌండ్‌కి కలపాలి.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో 12 మి.మీ. పుష్ బటన్ తీసుకున్నాను. నొక్కినంతసేపే కలిసి, వదలగానే విడిపోయే రకం అడగండి. కొనేముందు చెవి దగ్గర పెట్టి నొక్కి చూడాలి. టిక్కుమంటే వద్దు, ఆ టిక్కు చెక్కలోంచి పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) దాకా పోతుంది.

పిక్‌గార్డ్ (గిటార్ ముందు వైపున్న ప్లాస్టిక్ పలక) మీద మాస్కింగ్ టేప్ అంటించి, 3 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి మెల్లగా 12కి పెంచాలి. తొందరపడి ఒకేసారి పెద్ద బిట్ పెడితే ప్లాస్టిక్ పగులుతుంది. బటన్ ఒక లగ్ (వైరు అతికే కాలు) నుంచి కేబుల్ గుచ్చే జాక్ టిప్‌కి, అంటే హాట్‌కి, రెండోదాని నుంచి స్లీవ్‌కి, అంటే గ్రౌండ్‌కి, వైర్లు సోల్డర్ చేయండి. రెండూ మెలిపెడితే ఇంకా మంచిది.

వాల్యూమ్ 10లో పెట్టి, కేబుల్ రెండో కొసన మల్టీమీటర్‌తో చూడండి. వదిలితే కొన్ని కిలోఓమ్‌లు, నొక్కితే దాదాపు సున్నా రావాలి. వదిలినా సున్నాయే ఉంటే లగ్ ఎక్కడో షీల్డింగ్ రేకుకి తగులుతున్నట్టు. ఇన్సులేషన్ టేప్ చుట్టండి.

ఇదంతా పాసివ్, అంటే బ్యాటరీ అక్కర్లేని, పికప్‌లకే.