కోనసీమ పిల్లలకి ఆల్ప్స్ పల్లెటూరి గురించి ఎలా చెప్పాలి

ఫ్రాన్స్‌లో ఇటలీ సరిహద్దు దగ్గర ఆల్ప్స్ కొండల్లో సెయింట్ వేరాన్ అనే చిన్న ఊరుంది, దాని గురించి పిల్లలకి చెప్పాలంటే ముందు ఎత్తుతో మొదలుపెట్టండి. మన లంకలు సముద్రమట్టానికి కొద్ది మీటర్లే, ఆ ఊరు దాదాపు 2,040 మీటర్లు.

తర్వాత ఇల్లు గీయించండి. కింద రాతి గదిలో చలికాలమంతా మనుషులు, పశువులు కలిసే ఉండేవాళ్లు, పశువుల ఒంటి వేడే వాళ్లకి వెచ్చదనం, పైన చెక్క అటకలో ఎండుగడ్డి. మనం వరదకి భయపడి అరుగు ఎత్తుగా కడతాం, వాళ్లు చలికి తగ్గట్టు అలా కట్టుకున్నారు, ఈ పోలిక చెబితే ఇట్టే ఎక్కుతుంది.

చరిత్రలో కంచు యుగం నాటి రాగి గని చెప్పండి చాలు.

బతుకుదెరువు ఒకప్పుడు పశువులు, సేద్యం. ఇప్పుడు మంచులో స్కీయింగ్‌కీ, ఎండాకాలం కొండలెక్కడానికీ వచ్చేవాళ్లు. మరి మన ఊరు కొబ్బరి మీద బతుకుతోందా, వరి మీదా, రొయ్యల చెరువుల మీదా? పిల్లల చేతే రాయించండి.