కొత్త దేశంలో మొదటి నెల: ఏ పని ముందు, ఏ పని తర్వాత?

బ్యాంకుకి వెళ్తే అడ్రసు రుజువు తెమ్మంటారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అక్కడి బ్యాంకు ఖాతా ఉందా అంటారు. నెలవారీ ఫోన్ ప్లాన్ కావాలంటే ఆ రెండూ చూపించమంటారు. ఏ కౌంటరు దగ్గర నిలబడినా పక్క కౌంటరు కాగితం ఉంటేనే పని జరుగుతుంది. కొత్త దేశంలో దిగినవాళ్ల ఓపికంతా మొదటి నెలలో ఇక్కడే కరిగిపోతుంది. కానీ ఈ ముడికి ఒక కొస ఉంది, అది పట్టుకుని వరసగా లాగితే విడిపోతుంది. చదువుకి వెళ్లినా, ఉద్యోగానికి వెళ్లినా, కుటుంబంతో కలిసి ఉండటానికి వెళ్లినా ఆ వరసలో పెద్ద తేడా ఉండదు.

బయలుదేరే ముందు

అన్నిటికంటే ముందు పేరు చూసుకోండి. పాస్‌పోర్టు ఫొటో పేజీలో అడుగున రెండు వరసల్లో బాణం గుర్తులతో కలిపి అచ్చువేసిన అక్షరాలుంటాయి. యంత్రాలు చదివేది ఆ వరసల్నే. ఇంటి పేరు ఏ భాగంలో ఉంది, పెట్టిన పేరు ఏ భాగంలో ఉంది, అక్షరాలు ఎలా ఉన్నాయి అన్నది అక్కడే తేలుతుంది. విమాన టికెట్టు, యూనివర్సిటీ లెటరు, ఉద్యోగ ఒప్పందం, బీమా కాగితం అన్నీ ఆ పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒక కాగితంలో పేర్ల వరస తారుమారైతే అక్కడి బ్యాంకు ఖాతా ఒక పేరు మీద, జీతం మరో పేరు మీద నడుస్తాయి. దిగాక దాన్ని సరిచేయించడం పెద్ద పని. వెళ్లకముందు ఒక్క ఈమెయిల్‌తో అయిపోతుంది.

రెండో విషయం పాత ఫోన్ నంబరు. కొత్త సిమ్ వచ్చిందని దీన్ని వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు. పాత బ్యాంకు, పాత ఈమెయిల్, పెట్టుబడులు, అన్నిటి ఓటీపీలూ ఆ నంబరుకే వస్తాయి. కనీస రీఛార్జితో దాన్ని బతికించి ఉంచండి. రోమింగ్‌లో మెసేజీలు అందుతున్నాయో లేదో ముందే కనుక్కోండి. రెండు సిమ్‌లు పట్టే ఫోనైతే, ఒక సిమ్ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) అయినా సరే, ఈ చిక్కే ఉండదు.

డ్రైవింగ్ చేయాలనుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీకు లైసెన్సు ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి. పరాయి దేశంలో దిగాక అక్కడ ఇవ్వరు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒకటి, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది మరొకటి ఉన్నాయి. జపాన్ మొదటిదాన్నే ఒప్పుకుంటుంది. అద్దె కారు బుక్ చేసే ముందు మీ చేతిలో ఉన్నది ఏదో చూసుకోండి.

మందుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే కస్టమ్స్ గదిలో కూర్చోవాల్సి వస్తుంది. ఒక దేశంలో మామూలు మందు మరో దేశంలో నిషిద్ధం కావచ్చు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకి) వాడే యాంఫెటమిన్ మందుల్ని డాక్టరు చీటీ ఉన్నా జపాన్‌లోకి రానివ్వరు. కొడీన్, ట్రమడాల్ అనే నొప్పి తగ్గించే పదార్థాలున్న మందులు యూఏఈకి తీసుకెళ్లాలంటే ముందుగా అనుమతి కావాలి. కాబట్టి మీరు వాడే ప్రతి మందూ అక్కడ చెల్లుతుందో లేదో ఆ దేశపు ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. మందుల్ని కొన్న డబ్బాల్లోనే ఉంచండి, డాక్టరు సంతకంతో చీటీ పెట్టుకోండి, చేతి సంచిలోనే వేసుకోండి. ఆ చీటీలో కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి మందులకి అంతర్జాతీయ పేర్లు ఖరారు చేస్తోంది, ఏ ఫార్మసిస్టుకైనా అవి అర్థమవుతాయి. కొన్నిటికి రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి: పారాసెటమాల్‌ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్‌ని అల్బ్యుటెరాల్ అంటారు. జ్వరంలో దుకాణానికి వెళ్లి పేరు దొరక్క తికమకపడేకంటే ఇది ముందే రాసుకోవడం మంచిది.

దిగిన రోజు

ఇమిగ్రేషన్ కౌంటరు దాటాక రెండు నిమిషాలు పక్కన నిలబడి, స్టాంపు వేసి ఉంటే దాని మీద తేదీ చదవండి. ఎన్నాళ్లు ఉండొచ్చన్నది వీసా మీద కాకుండా వేరేచోట రాసి ఉండొచ్చు. అమెరికాలో వీసా గడువు వేరు, దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు వేరు. రెండోది ఐ-94 అనే ఆన్‌లైన్ రికార్డులో ఉంటుంది. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) తక్కువ కాలపు వీసాతో తిరిగేవాళ్లకి ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులే లెక్క. బ్రిటన్‌లో కార్డులకి బదులు ఈ-వీసా, అంటే ఆన్‌లైన్ ఖాతాలో ఉండే రికార్డు, వచ్చింది కాబట్టి ఆ ఖాతాలోకి లాగిన్ అయి వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. తప్పుంటే ఆ వారంలోనే చెప్పండి.

కార్డుతో డబ్బు కట్టేటప్పుడు మిషన్ మీద మీ దేశపు కరెన్సీలో కడతారా, ఇక్కడి కరెన్సీలో కడతారా అని అడగొచ్చు. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే నొక్కండి. మీ దేశపు కరెన్సీ నొక్కితే మారకం రేటు ఆ మిషన్ వాళ్లు నిర్ణయిస్తారు, అది మీకు నష్టం.

ఇక నిద్ర. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. శరీరం లోపలి గడియారం రోజుకి దాదాపు ఒక గంట చొప్పునే కొత్త సమయానికి సర్దుకుంటుంది. ఎనిమిది గంటల తేడా ఉంటే వారం పైనే పడుతుంది. పడమటికి వెళ్లినప్పటికంటే తూర్పుకి వెళ్లినప్పుడు ఎక్కువ కష్టం, ఎందుకంటే చాలామందిలో ఆ గడియారం 24 గంటలకంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఆలస్యంగా పడుకోవడం దానికి సులువు, తొందరగా పడుకోవడం కష్టం. దాన్ని సరిచేసే గట్టి మందు పగటి వెలుతురే. పడమటికి వెళ్తే సాయంత్రం దాకా బయట ఉండండి. నాలుగైదు గంటల తేడాతో తూర్పుకి వెళ్తే పొద్దుటి వెలుతురులో నడవండి. ఎనిమిది తొమ్మిది గంటల తేడాతో తూర్పుకి వెళ్లినవాళ్లకి మాత్రం మొదటి ఒకటి రెండు రోజులు పొద్దుటి ఎండ ఎదురు తిరుగుతుంది: అది శరీరానికి ఇంకా రాత్రే కాబట్టి గడియారం వెనక్కి జరుగుతుంది. వాళ్లు మధ్యాహ్నం దాటాక బయటికి రావాలి. పగలు కునుకు తీయక తప్పదంటే అరగంటకి మించకుండా అలారం పెట్టుకోండి. వచ్చిన రోజు కారు నడపొద్దు, ఒప్పందాల మీద సంతకాలు పెట్టొద్దు.

మొదటి వారం: ముడి విప్పే వరస

కొస ఎక్కడుందంటే, అడ్రసులో. దిగీ దిగగానే ఏడాది లీజుతో ఇల్లు వెతక్కండి. ముందు నెలరోజుల తాత్కాలిక బస చూసుకోండి. అయితే ఒక షరతు: ఆ అడ్రసుతో మీరు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవచ్చని యజమాని రాసివ్వాలి. బుక్ చేసే ముందే ఈ ప్రశ్న అడగండి, కుదరదంటే ఎంత బాగున్నా వదిలేయండి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లో నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం తప్పనిసరి. జపాన్‌లో నివాసం కుదిరిన 14 రోజుల్లో వార్డు ఆఫీసుకో మున్సిపాలిటీకో వెళ్లాలి. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలు దాటి ఉండేవాళ్లకి 5 రోజులే గడువు. అమెరికాలో ఇలాంటి నమోదు ఆఫీసు లేదు. అక్కడ లీజు కాగితం, కరెంటు బిల్లు, యూనివర్సిటీ లెటరు లాంటివి ఆ పని చేస్తాయి.

నమోదయ్యాక చాలాచోట్ల మిగతావి పోస్టులో వస్తాయి: పన్ను నంబరు, బీమా కార్డు, బ్యాంకు పిన్. జర్మనీలో పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించి లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. తాత్కాలిక బసలో ఉన్నా సరే, డబ్బా మీద పేరు రాసి పెట్టించండి.

రెండోది ఫోన్. ముందుగా ప్రీపెయిడ్ సిమ్ తీసుకోండి, దానికి పాస్‌పోర్టు చాలు అనే దేశాలు ఎక్కువ. ప్రయాణికుల ఈసిమ్‌లలో చాలావాటికి డేటా ఉంటుంది కానీ నంబరు ఉండదు. బ్యాంకుకీ, ఇంటివాళ్లకీ ఇవ్వడానికి అక్కడి నంబరు కావాలి.

మూడోది బ్యాంకు. అడ్రసు కాగితం, నంబరు, పాస్‌పోర్టు, నివాస పర్మిట్ (లేదా వీసా) నాలుగూ పట్టుకుని వెళ్లండి. ఒక బ్రాంచిలో కాదన్నారని ఆగిపోకండి, పక్క బ్యాంకులో అడగండి. యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా ప్రాథమిక ఖాతా పొందే హక్కు ఉంది. 2014లో వచ్చిన నిబంధన అది. ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

ఖాతా తెరిచాకే నాలుగోది: అసలు ఇల్లు.

ఇల్లు

చూడని ఇంటికి డబ్బు పంపకండి. యజమాని వేరే దేశంలో ఉన్నానని, తాళాలు కొరియర్‌లో పంపుతానని, ముందు అడ్వాన్సు వేయమని అంటే అది మోసం అనుకోండి. ఇలాంటి కథలు కొత్తగా వచ్చేవాళ్ల మీదే అల్లుతారు, వాళ్లకి ఇల్లు ఎంత అవసరమో తెలుసు కాబట్టి. మీరు వెళ్లలేకపోతే తెలిసినవాళ్లని పంపి చూడమనండి.

తాళాలు తీసుకున్న రోజు సామాన్లు లోపల పెట్టక ముందే ప్రతి గదీ వీడియో తీయండి. గోడల మీద గీతలు, సింకు కింద తేమ, పగిలిన టైలు, మీటర్ల రీడింగు, ఏదీ వదలొద్దు. ఆ రోజే యజమానికి ఈమెయిల్‌లో పంపండి, తేదీ దానంతటదే నమోదవుతుంది. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ వెనక్కి తెచ్చేది ఈ వీడియోనే. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్ల డిపాజిట్‌ని యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో భద్రపరచాలి. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల మూల అద్దెని (హీటింగు లాంటి ఖర్చులు కలపని అద్దె) మించకూడదు. మీరున్న దేశంలో ఇలాంటి నియమం ఏముందో సంతకానికి ముందే తెలుసుకోండి.

ఒప్పందంలో అంకెలు జాగ్రత్తగా చదవండి. జర్మనీలో 1.500 అంటే ఒకటిన్నర కాదు, పదిహేను వందలు. 03/04 అన్న తేదీ అమెరికాలో మార్చి 4, బ్రిటన్‌లో ఏప్రిల్ 3. మీరు రాసేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాస్తే తగాదా ఉండదు.

కరెంటు పరికరాల సంగతి ఒక్క మాట: ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్ అడాప్టర్ చాలు. జుట్టు ఆరబెట్టే మిషన్ల లాంటి వాటి మీద చాలాసార్లు అలా ఉండదు, వాటిని మోసుకెళ్లడం దండగ.

డాక్టరు, ఎమర్జెన్సీ

ఒంట్లో బాగున్నప్పుడే డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోండి. ముందుగా కుటుంబ డాక్టరుని చూడకుండా పెద్ద డాక్టరు దగ్గరికి పంపని దేశాలున్నాయి, బ్రిటన్, నెదర్లాండ్స్ అలాంటివే. ఎమర్జెన్సీ నంబరు ఫోన్‌లో ఉంటే సరిపోదు, నోటికి రావాలి: యూరోపియన్ యూనియన్ అంతటా 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. జపాన్‌లో అంబులెన్సుకి 119, పోలీసుకి 110. ఆ భాషలో మీ అడ్రసు గట్టిగా పలకడం కూడా సాధన చేయండి. అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఎక్కడున్నారన్నది తప్పక ఉంటుంది.

రోడ్డు దాటడం కూడా ఈ భాగంలోనే చెప్పాలి. వాహనాలు మీకు అలవాటైన వైపు కాకుండా రెండోవైపు నడిచే దేశంలో కళ్లు తప్పు వైపు చూస్తాయి, అలసిపోయినప్పుడు మరీను. లండన్‌లో రోడ్డు మీదే కుడివైపు చూడండి అని రాసి ఉంటుంది, అది కొత్తవాళ్ల కోసమే. అలా రాసి లేనిచోట రెండు వైపులా రెండేసి సార్లు చూసి దాటండి, ఇయర్‌ఫోన్లు తీసేయండి.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత మీ దేశపు ఎంబసీ లేదా కాన్సులేట్. పోయిందని నమోదు చేశాక మళ్లీ దొరికినా దాంతో ప్రయాణించకండి. పోయిన, దొంగిలించిన పాస్‌పోర్టుల వివరాలు ఇంటర్‌పోల్ జాబితాలోకి చేరతాయి, సరిహద్దులో ఆపేస్తారు. పర్మిట్ అందులో అతికించి ఉంటే దానికి విడిగా మళ్లీ దరఖాస్తు చేయాలి.

మూడో వారం దిగులు

కాగితాల హడావుడి తగ్గే సమయానికి మనసు బరువెక్కుతుంది. దీనికి కల్చర్ షాక్ అని పేరు. 1960లో మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ దీన్ని వివరిస్తూ, రోజూ మనం ఆలోచించకుండా వాడే చిన్న చిన్న గుర్తులు పోవడమే కారణమన్నారు: ఎప్పుడు చేయి కలపాలి, ఏ మాటని నిజంగా తీసుకోవాలి, ఎప్పుడు కాదనాలి. అంటే ఇది మీ బలహీనత కాదు, తప్పు దేశానికి వచ్చారనడానికి రుజువూ కాదు. ఆ వారంలో వెనక్కి వెళ్లిపోవాలన్న నిర్ణయం మాత్రం తీసుకోకండి, ఇంకొన్ని వారాలు వాయిదా వేయండి.

ఇంటికి రోజుకి నాలుగుసార్లు వీడియో కాల్ చేసేకంటే ఒక సమయం పెట్టుకుని ఒకసారి తీరిగ్గా మాట్లాడటం మేలు. మిగిలిన సమయంలో ఒకే చోటికి, ఒకే రోజు, ఒకే వేళకి వెళ్తూ ఉండండి: లైబ్రరీలో భాష తరగతి కావచ్చు, ఆటస్థలం కావచ్చు, స్వచ్ఛంద సేవ కావచ్చు. స్నేహం ఒక్క పెద్ద పరిచయంతో కుదరదు, పదేపదే కనిపించడంతో కుదురుతుంది. అలా వెళ్తుంటే నాలుగో వారానికి పేరు పెట్టి పలకరించేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. మీ భాష మాట్లాడేవాళ్లని కలవండి, కానీ వాళ్లతోనే ఉండిపోకండి.

నెల చివర ఒక సాయంత్రం కూర్చుని ఫోన్ క్యాలెండర్‌లో కొన్ని తేదీలు వేసుకోండి: పర్మిట్ గడువుకి నాలుగు నెలల ముందు, పాస్‌పోర్టు గడువుకి ఏడాది ముందు, లీజు నోటీసు ఇవ్వాల్సిన రోజు. దేశంలోకి వచ్చిన తేదీ, దాటిన తేదీ ప్రయాణం ప్రయాణానికీ రాసిపెట్టుకోండి. చాలా దేశాల్లో ఏడాదిలో అక్కడ ఉన్న రోజులు 183కి చేరితే పన్ను లెక్క మారుతుంది, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసినప్పుడు కూడా ఈ తేదీలే అడుగుతారు.