మాట నేర్పిన మనిషికి సన్మానం ఎలా చేయాలి?

మూడేళ్ల కిందట ఒడిశాలోని మా బరంపురంలో మేం కొందరం తెలుగువాళ్లం కలిసి ఒక స్పీచ్ థెరపిస్టు మేడమ్‌కి సన్మానం చేశాం. ఆవిడది ముప్పై ఏళ్ల సర్వీసు. వేదిక మీద పదకొండు మంది పెద్దలు, ఏడు శాలువాలు, రెండు గంటల ఉపన్యాసాలు. ఆవిడ ఏం పని చేశారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఒకాయన ఆవిణ్ని చివరిదాకా చెవుల డాక్టరనే అనుకున్నారు. చిన్నప్పుడు ఆవిడ దగ్గర నత్తికి థెరపీ తీసుకున్న కుర్రాడు ఇచ్ఛాపురం నుంచి వచ్చి, వెనక వరసలో కూర్చుని, మైకు తన దాకా రాకుండానే బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు. తప్పు మాదే. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాం. పర్లాకిమిడిలోనో రాయగడలోనో మీరూ ఇలాంటిది తలపెడితే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మనిషిని సరిగ్గా ఎంచుకోండి

మన దేశంలో స్పీచ్ థెరపీ చదువు మొదలైంది 1960లలో. ముంబయి నాయర్ ఆసుపత్రిలో 1962లో శిక్షణ మొదలైంది, మైసూరు వాక్ శ్రవణ సంస్థ 1965లో వచ్చింది. మనలాంటి ఊళ్లకు ఈ పని తెచ్చిన మొదటి తరంవాళ్లు చాలామంది ఇప్పటికే రిటైరయ్యారు, మిగిలినవాళ్లు అవబోతున్నారు. ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులుండరు. అర్హత మాత్రం చూసుకోవాలి. 1992 చట్టం ప్రకారం ఈ వృత్తివాళ్లు భారత పునర్వాస మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. రిటైరైనవాళ్లు రెన్యువల్ చేయించుకోకపోయి ఉండొచ్చు. పాత నంబరు అడిగితే చాలు.

ఒక పూట కూర్చుని మాట్లాడండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. మేం మొదటిసారి వదిలేసింది కూడా ఇదే. బయోడేటా తీసుకుని వచ్చేయకండి. కాఫీ తాగుతూ అడగండి: మీరు ఉద్యోగంలో చేరినప్పుడు తెలుగు పిల్లలకు బొమ్మల కార్డులు ఉండేవా, మీరే గీసుకున్నారా? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లకు మాటలు ఆలస్యమైతే ఏం చేసేవారు?

ఈ రెండో ప్రశ్న మన జిల్లాల్లో తప్పకుండా అడగాలి. పిల్లాడికి మాట రాలేదంటే, 'ఇంట్లో తెలుగు మానేయండి, ఒడియా ఒక్కటే మాట్లాడండి' అని సలహా ఇచ్చేవాళ్లు వీధికొకరు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, నత్తీ రాదు. అమ్మ భాష మానిపిస్తే అమ్మకీ బిడ్డకీ మధ్య ఉన్న ఆ కాస్త మాట కూడా పోతుంది. ఒక థెరపిస్టు ముప్పై ఏళ్లలో ఎంతమంది తల్లులకు ఈ సంగతి చెప్పి ఒప్పించారో ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఉండదు.

పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ల గురించి కూడా అడగండి. రెండు భాషలు తెలిసినవాళ్లకు ఒక్కోసారి ఒక భాష ముందు తిరిగొస్తుంది, రెండోది వెనకబడుతుంది. అప్పుడు ఇంటివాళ్లు ఎంత కంగారుపడతారో, దాన్ని ఎలా సర్దేవారో వినండి. ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేయండి. మేడమ్‌తో మేం రెండోసారి కూర్చున్న పూట మాకు దొరికినది ఆ ఏడు శాలువాల సభలో దొరకలేదు.

సన్మాన పత్రం

'బహుముఖ ప్రజ్ఞాశాలి, నిస్వార్థ సేవామూర్తి' అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. 'గ్రహణమొర్రి ఆపరేషన్ అయిన పిల్లలకు ప, బ పలికించడానికి అద్దం ముందు దూదిపింజ పెట్టి ఊదించారు' అని రాస్తే అది ఆవిడ పత్రం. ఒక పేజీ చాలు. తెలుగులో, ఒడియాలో రెండు ప్రతులు తీయండి. ఆవిడ తోటి ఉద్యోగులు, పేషెంట్లు చాలామంది ఒడియావాళ్లే. పేషెంట్ల పేర్లు, ఫొటోలు వాళ్ల అనుమతి లేకుండా వాడొద్దు. పిల్లలైతే తల్లిదండ్రులు సరే అన్నా బిడ్డనూ అడగండి.

తేదీ, కానుక

మార్చి 3 ప్రపంచ వినికిడి దినం, ఏప్రిల్ 16 ప్రపంచ స్వర దినం, అక్టోబర్ 22 అంతర్జాతీయ నత్తి అవగాహన దినం. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతర ఏడైతే ఏప్రిల్ జోలికి పోకండి. జనం దొరకరు, ఎండ సరేసరి. మాకు అక్టోబరే కుదిరింది.

శాలువా ఒక్కటి చాలు. అదీ వద్దనుకుంటే బరంపురం పట్టు ఉంది కదా: ఆడవాళ్లకు ఫోడా కుంభ చీర, మగవాళ్లకు జోడ అనే పట్టు పంచె. అద్దాల మెమెంటోలు బీరువా పైకి వెళ్లిపోతాయి.

సభ రోజు

వక్తలు ముగ్గురికి మించొద్దు, అందులో ఇద్దరు పేషెంట్లో వాళ్ల ఇంటివాళ్లో కావాలి. వాళ్లనే ముందు మాట్లాడించండి, ముఖ్య అతిథి ఆగుతారు. నత్తి ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో మాట అందించొద్దని యాంకర్‌కి ముందే చెప్పండి. వాళ్ల మాట వాళ్లే పూర్తి చేస్తారు. 'ఇప్పుడెంత బాగా మాట్లాడుతున్నాడో చూడండి' అని పిల్లల్ని ప్రదర్శనకు పెట్టడం అసలే వద్దు. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లను ముందు వరసలో, లౌడ్‌స్పీకర్‌కి దూరంగా కూర్చోబెట్టండి. సైగల భాష చెప్పేవారు దొరికితే వేదిక మీద వెలుతురులో నిలబెట్టండి.

తర్వాత

ఆ పత్రాన్ని దాచేయకండి. దివ్యాంగుల కోసం పనిచేసేవాళ్లకు కేంద్రం ఏటా డిసెంబర్ 3న జాతీయ పురస్కారాలు ఇస్తుంది. పద్మ పురస్కారాలకైతే రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఎవరైనా ప్రతిపాదన పంపొచ్చు, చేసిన పని గురించి 800 పదాలకు మించకుండా రాయాలి. ఒక మెలిక ఉంది: డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు పద్మకు అర్హులు కారు. స్పీచ్ థెరపిస్టు డాక్టరు లెక్కలోకి రారు కాబట్టి ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవారి పేరు రిటైరయ్యాకే పంపాలి.

మేడమ్ గీసిన బొమ్మల కార్డులు ఒక పాత రేకు పెట్టెలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి, ఆవిడ అనుమతితో కొత్తగా చేరిన థెరపిస్టుకి ఇచ్చాం. ఆ అమ్మాయికి తెలుగు రాదు. అందుకని ఒక్కో కార్డు వెనక తెలుగు మాటను ఒడియా లిపిలో రాసి పెడుతున్నాం, 'ళ' రెండింటిలోనూ ఉంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు.