ఊళ్లు తిరగడం మానేసిన బుర్రకథ పెద్దాయన కథల్ని ఇంట్లో రికార్డు చేయడం ఎలా?

కథకుడు ప్రదర్శనలు ఆపేశాక ముందు చెదిరేది కథలో వరుస. గొంతు ఇంకా కొన్నాళ్లు పలుకుతూనే ఉంటుంది. కాబట్టి ‘ఓపిక వచ్చాక చూద్దాం’ అని వాయిదా వేయొద్దు.

ఒక్కరినే కూర్చోబెట్టి పాడించడం దగ్గరే చాలామంది పొరబడతారు. బుర్రకథ ముగ్గురిది. కథకుడికి రెండు పక్కలా నిలబడి పాడే వంతలు ‘తందాన తాన’ అందుకునే ఆ రెండు క్షణాల్లోనే కథకుడికి ఊపిరీ, తర్వాతి చరణమూ అందుతాయి. వచనం కూడా అంతే. రాజకీయ వంత ప్రశ్న వేస్తేనో, హాస్య వంత అడ్డు తగిలితేనో కథ ముందుకు సాగుతుంది. వంత లేకపోతే దరువు (తాళానికి పాడే పాట) సగంలో ఆగిపోతుంది. పాత వంతల్లో ఒక్కరు దొరికినా పిలిపించండి, దారి ఖర్చులు మీరే పెట్టుకోండి. ఎవరూ దొరక్కపోతే, ఆ కథలు విని పెరిగిన ఇంట్లోవాళ్లు వంత పాడినా మేలే.

తర్వాత శ్రుతి, అంటే పాడే స్థాయి. నాలుగు శ్రుతిలో పాడిన మనిషిని రెండున్నరకు దించండి, ఇంకా కష్టమైతే రెండుకు. పాత శ్రుతిలోనే పట్టుబడితే పై స్థాయిలో గొంతు చీలుతుంది, అది దాచడానికి ఆయన చరణాలు మింగేస్తారు.

గదిలో చప్పట్లు కొట్టి చూడండి. గది మారుమోగితే కింద పరుపు, గోడలకు రెండు దుప్పట్లు వేయండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేయండి. వానాకాలంలో గుమ్మెట (వంతలు వాయించే డోలు) చర్మం సడలి మొద్దుగా మోగుతుంది. ముందుగా కాసేపు ఎండ చూపించండి.

ఫోన్ చాలు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ఇవి ఎంచుకోండి: డబ్ల్యూఏవీ (నాణ్యత తగ్గని ఫైల్ రకం), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గంటకు సుమారు 500 ఎంబీ పడుతుంది. ఫోన్‌ను కథకుడి నోటికి రెండు మూడు అడుగుల దూరంలో, స్టాండ్‌పై, కొంచెం పక్కకు పెట్టండి. గుమ్మెటలు ఆయన వెనక ఐదారడుగుల దూరంలో ఉండాలి. యాప్‌లో ఆటోమేటిక్ గెయిన్ (శబ్దాన్ని దానంతట అదే పెంచి తగ్గించే ఏర్పాటు) తీసేయండి. అది ఉంటే గుమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు అణిగిపోతుంది. అందరూ కలిసి గట్టిగా పాడే చోట యాప్‌లోని శబ్దం మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా సర్దండి. శబ్దం చిట్లిపోతే తర్వాత బాగుచేయలేం.

పొద్దున టిఫిన్ అయిన గంటకు మొదలుపెట్టండి. విడతకు 30–40 నిమిషాలు, రోజుకు రెండే విడతలు. తప్పు పాడినా ఆపొద్దు. మధ్యలో ఆపితే ఆ ఊపు మళ్లీ రాదు.

ఒక విడత చేతుల వీడియోకే కేటాయించండి. కుడిచేతి బొటనవేలికి తొడిగే అందె (బోలు ఉంగరం)లోని గుండ్లు గలగలలాడినప్పుడు భుజం మీది తంబుర మీద వేలు ఎక్కడుందో ఆడియోలో తెలియదు. నేర్చుకునేవాళ్లకు కావలసింది అదే.

ప్రతి ఫైల్‌కూ తేదీ, కథ, భాగం, శ్రుతి పేరులోనే రాయండి. మూడు కాపీలు చేసి ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఎవరికి వినిపించవచ్చో, యూట్యూబ్‌లో పెట్టవచ్చో ఆయన నోటనే చెప్పించి రికార్డు చేయండి. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది, వంతలకూ వర్తిస్తుంది. కథ రాసినవారి హక్కు వేరు. అది రచయిత పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ 1997లో కన్నుమూశారు కాబట్టి ఆయన రాసిన కథలకు 2057 చివరిదాకా అనుమతి కావాలి.

మర్నాడు రికార్డింగ్ ఆయనకు వినిపించండి, రెండో ఫోన్ ఆన్‌లో ఉంచండి. ‘ఇక్కడో దరువు వదిలేశాను’ అని ఆయనే పాడి చూపిస్తారు. దాన్ని అసలు ఫైల్‌లో అతికించకుండా ‘సవరణ’ అని విడిగా దాచండి.