ఎండల్లో ఘాట్ ఎక్కే ట్రాలీ బండి: ఎక్కడ ఏం తేడా వస్తది, ఏం చెయ్యాలి

గుంటూరు నుంచో బెజవాడ నుంచో మే నెలలో శ్రీశైలం పోతా వెనక ట్రాలీ తగిలించుకునేవాళ్ళు ఉంటారు, అన్నదానానికి జనరేటర్ ట్రాలీ, వంటపాత్రల ట్రాలీ, ఈమధ్య సరదాగా పడుకోడానికి చేయించుకున్న క్యాంపింగ్ ట్రైలర్ కూడా. వినుకొండ, త్రిపురాంతకం దాకా బండికి వెనక బరువున్న సంగతే తెలీదు, దోర్నాల దాటి నల్లమల ఎక్కుడు మొదలయ్యాక తెలుస్తది. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఇక రేడియేటర్ ఎంత.

ఏసీ వేడి గాలి కొడతంది, టెంపరేచర్ ముల్లు పైకి పోతంది

చాలామంది ఏసీ గ్యాస్ అయిపోయింది అనుకుంటారు. కాదండి, చాలా బళ్ళల్లో ఇంజన్ బాగా వేడెక్కితే ఏసీ కంప్రెసర్ దానంతటదే ఆగిపోద్ది, అంటే ముల్లు ఎర్రగీత దాకా పోకముందే బండి మీకు చెప్పేసినట్టు. అక్కడే ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్ పెట్టండి. మే నెలలో హీటర్ ఏందిరా అని వెనక సీటోళ్ళు తిడతారు, తిట్టనీండి, హీటర్ కూడా లోపల చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత అది లాగేస్తది. గేరు కూడా ముందే తగ్గించండి. థర్డ్‌లో గుంజుకుంటా యాక్సిలరేటర్ అణచడం కన్నా సెకండ్‌లో తేలిగ్గా తిరగనిస్తే వాటర్ పంపు స్పీడుగా తిరుగుద్ది, బెల్టు ఫ్యాన్ ఉన్న బండైతే ఫ్యాన్ కూడా.

అయినా తగ్గకపోతే మలుపు లేని చోట పక్కకి ఆపి, న్యూట్రల్‌లో కాస్త రేస్ ఇచ్చి ఉంచండి. ఆవిరి కనపడినా, ముల్లు ఎర్రదాంట్లోకి పోయినా ఇది పనికిరాదు, వెంటనే ఇంజన్ ఆపెయ్యాలి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి. అరగంట పైన ఆగి, రేడియేటర్ పై గొట్టం చేత్తో పట్టుకోగలిగినప్పుడు, గుడ్డ వేసి మూత మెల్లగా తియ్యండి. కాలతన్న ఇంజన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది.

ఇంటికొచ్చాక అసలు కారణం వెతకాలి కదా. ఘాట్‌లోనూ ట్రాఫిక్‌లోనూ మాత్రమే వేడెక్కి, హైవే మీద బానే ఉంటే అనుమానం ఫ్యాన్ మీద. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే తిరుగుతుందో లేదో చూడండి, ఇంజన్ ఆపినా అది ఉన్నట్టుండి తిరుగుద్ది కాబట్టి చెయ్యి పెట్టొద్దు. బెల్టు ఫ్యాన్ అయితే వేడి మీద ఇంజన్ ఆపి, తాళం తీసేసి, చేత్తో తిప్పితే బిగువుగా ఉండాలి, వదలగానే గిర్రున తిరుగుతుంటే ఫ్యాన్‌ని ఇంజన్‌తో పాటు తిప్పే ఫ్యాన్ క్లచ్ పోయినట్టే. హైవే మీద స్పీడులో కూడా వేడెక్కుతుంటే రేడియేటర్ మూసుకుపోయి ఉంటది, లేకపోతే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు, పోయి ఉంటది. మన వైపు పత్తి పీచు, గడ్డి దుమ్ము ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్యలో దూరి కూర్చుంటాయి, ముందు నుంచి చూస్తే కనపడవు, ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్ళు కొట్టించాలి. లోపల అయితే బోరు నీళ్ళు పోసీ పోసీ సున్నం గార కట్టి ఉంటది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోసి మూత ప్రెషర్ పట్టేదై ఉంటే 120 డిగ్రీలు దాటినా మరగదు, ఉత్త నీళ్ళు పోసి మూత రబ్బరు పోయిందంటే 100కే మరుగుద్ది. ఆ మూత మార్చడం చవక పని, కానీ ఎవరూ మార్చరు. లీకు ఎక్కడా లేకుండా నీళ్ళు తగ్గుతా ఇంజనాయిల్ పాలటీ రంగులోకి వస్తే ఇంజన్ హెడ్డు కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు, ఇక ఆటోనగర్‌కి తీసుకుపోవాల్సిందే.

దిగేటప్పుడు బ్రేకు మెత్తగా లోపలికి పోతంది

శ్రీశైలం నుంచి డ్యామ్ వైపు దిగేటప్పుడు వచ్చే గొడవ ఇది. జనరేటర్ ట్రాలీలకి సాధారణంగా సొంత బ్రేకులు ఉండవు, ఆ బరువంతా ముందు బండి బ్రేకులే ఆపాలి. పెడల్ మెత్తబడితే బ్రేక్ ఫ్లూయిడ్ (బ్రేకు ఆయిల్) మరిగినట్టు, పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు కాలినట్టు. ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటది, డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రకం రాసి ఉంటది, కొత్త డాట్ 3 మరిగేది 205 డిగ్రీల దగ్గరైతే తేమ పట్టిందానికి 140 చాలు, డాట్ 4కి అవి 230, 155. రెండేళ్ళకోసారి మార్పించమనేది అందుకే.

అప్పటికప్పుడు అయితే పెడల్ పంపు చేసి, గేరు ఒక్కొక్కటిగా తగ్గించి, ఆపి చల్లారనివ్వండి, చక్రాలకి రాళ్ళు పెట్టండి, డిస్కుల మీద నీళ్ళు పొయ్యొద్దు. ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగాలి, ట్రాలీ ఉంటే ఇంకోటి తక్కువైనా పర్లేదు. డీజిల్ మిగులుద్దని న్యూట్రల్ చేసి దింపే పెద్దమనుషులకి ఒక మాట: ఇప్పటి ఇంజన్లు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిలే పంపవు, న్యూట్రల్‌లోనే తాగుతాయి.

ట్రాలీ తోకలా ఊగుతంది

బరువు వెనక పడింది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి, అంటే 600 కిలోల ట్రాలీ అయితే 60 నుంచి 90 కిలోలు. గుండిగలు, సిలిండర్లు యాక్సిల్‌కి కొంచెం ముందుకి జరపండి, తాళ్ళు బిగించండి. అట్లాగని మొత్తం ముందే పెడితే బండి వెనక కూలబడి స్టీరింగ్ తేలిపోద్ది. ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ నిటారుగా పట్టుకోవాలి అంతే, స్పీడు పెంచి సరిచేద్దాం అనుకోవద్దు, బ్రేకు గట్టిగా తొక్కొద్దు.

ట్రాలీ చక్రం దగ్గర కాలిన వాసన

టీకి ఆగినప్పుడల్లా రెండు హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మామూలుగా ఉండి రెండోది చెయ్యి దగ్గర పెట్టలేనంత కాలతంటే బేరింగ్‌లో గ్రీజు లేదు. ట్రాలీ ఏడాదంతా షెడ్డులో ఉండి ఒక్కసారిగా రోడ్డెక్కుద్ది కాబట్టి బయల్దేరేముందే గ్రీజు పెట్టించాలి. టైర్లు కూడా చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి. దారిలో వేడెక్కి ప్రెషర్ పెరిగిందని గాలి తీయిస్తారు కొందరు, తియ్యొద్దు, గాలి తక్కువైతేనే టైరు ఇంకా వేడెక్కి పేలుద్ది.

క్లచ్ వాసన

ఎక్కుడులో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టారు. హ్యాండ్ బ్రేక్ వాడండి, ముందు బస్సుకి ఖాళీ వదిలి ఒకేసారి కదలండి.

టైమింగ్ కూడా చూసుకోండి, అడవి గేటు రాత్రి 9కి వేసి పొద్దున 6కి తీస్తారు, దోర్నాలలో పడుకుని గేటు తియ్యగానే ఎక్కితే ఎండ ముదిరేలోపు శిఖరం దాటేస్తారు.