పెద్దమెదడు పాఠం ఇలా చెప్పి చూడండి

మెదడులో అతి పెద్ద భాగం ఏదంటే పదో తరగతి పిల్లలు "మస్తిష్కం" అని ఠక్కున చెప్పేస్తారు. పాఠం అక్కడితో ఆగిపోతే నాకు మనసొప్పదు. ఇరవై రెండేళ్ళుగా జీవశాస్త్రం చెప్తున్నాను. ఇంట్లో పిల్లలకు చెప్పాలనుకునేవాళ్ళు కూడా ఇది చేయొచ్చు.

ముందు మాట విప్పండి. మస్తిష్కం అంటే మెదడే. లాటిన్‌లో సెరిబ్రం అన్నా మెదడే. బరువులో నూటికి ఎనభై వంతులకు పైగా ఇదే మరి. నేను మాత్రం పెద్దమెదడు అంటాను, అప్పుడే వెనక కిందుగా ఉన్న చిన్నమెదడు కూడా గుర్తుంటుంది.

తర్వాత పాత దినపత్రికలోంచి పెద్ద పేజీ ఒకటి తీసుకోండి. ఒక వైపంతా క్రేయాన్‌తో రంగు పూయించండి. రంగు పైకి ఉండేలా ఉండచుట్టి చిన్న చెంబులో కుక్కమనండి. చక్కగా మడత పెట్టనివ్వకండి, నలపాల్సిందే. పెద్దమెదడు పైపొర మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే, పరిస్తే మాత్రం దాదాపు ఆ పేజీ అంత అవుతుంది. అందులో మూడింట రెండొంతులు మడతల్లోనే దాగి ఉంటుంది. ఉండను బయటికి తీసి, రంగు ఎంత లోపలికి పోయిందో పిల్లల చేతే వెతికించండి. ఈ పనికి పావుగంట పట్టినా తొందరపడొద్దు.

ఇక రెండు పిడికిళ్ళు బిగించి పక్కపక్కన ఆనించమనండి. అవే పెద్దమెదడులోని రెండు సగాలు, అంటే అర్ధగోళాలు. ఎడమది కుడి చేతిని, కుడిది ఎడమ చేతిని నడిపిస్తుంది.

ఒకసారి ఇక్కడే ఒక పాప లేచి, "తాతయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది టీచర్. మాట కూడా ఎందుకు పోయింది?" అని అడిగింది. చాలామందిలో మాటను నడిపేది కూడా ఎడమవైపే. 1861లో పారిస్ డాక్టర్ పాల్ బ్రోకా దగ్గరికి "టాన్" అన్న మాట తప్ప పలకలేని రోగి వచ్చాడు. అతను చనిపోయాక చూస్తే ఎడమ అర్ధగోళం ముందుభాగం దెబ్బతిని ఉంది. అక్కడ దెబ్బతింటే మాట రాకపోయినా, మనం చెప్పేది చాలావరకు అర్థం కావచ్చు. తాతయ్యతో మాట్లాడడం మానొద్దమ్మా అన్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి, "బడి సంగతులన్నీ చెప్పాను టీచర్, తాతయ్య తల ఊపాడు" అంది.