సీజన్ మొదలయ్యేలోపే తేల్చుకోండి

టోర్నమెంట్ ఊపందుకున్నాక ఎవరి బుర్రా వాళ్ల అదుపులో ఉండదు. అందుకే పందేల గురించి ఆలోచించాల్సిందంతా మొదటి మ్యాచ్‌కి ముందే ఆలోచించుకోవాలి. అన్నిటికన్నా ముందు చట్టం. మీరున్న చోట బెట్టింగ్‌కి అనుమతి లేకపోతే ఇక్కడితోనే ఆగిపోండి. కేసుల సంగతి అటుంచి, గెలిచిన డబ్బు ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు.

అనుమతి ఉన్నచోట కూడా లెక్క బుకీ వైపే, అంటే పందేలు కట్టించుకునేవాడి వైపే ఉంటుంది. రెండు జట్లూ సమ ఉజ్జీలైతే న్యాయంగా ఒక్కోదానికి ఆడ్స్ (గెలిస్తే పెట్టిన ప్రతి రూపాయికి, ఆ రూపాయితో కలిపి చేతికొచ్చేది) 2.00 ఉండాలి. ఇచ్చేది మాత్రం ఏ 1.90నో. 1ని 1.90తో భాగిస్తే 52.6 శాతం వస్తుంది. అంటే వంద పందేల్లో 50 గెలిచినా నష్టమే, 53 గెలిస్తేగానీ గట్టెక్కరు. ప్రతి పందేనికీ ముందు ఈ భాగహారం చేసి, ఈ జట్టు గెలిచే అవకాశం అంతకన్నా ఎక్కువని ఎందుకనుకుంటున్నారో కాగితం మీద రాయండి. రాయడానికి ఏమీ తట్టకపోతే మ్యాచ్ ఊరికే చూడండి. నిజాయితీగా రాస్తే సీజన్‌లో చాలా మ్యాచ్‌లు ఊరికే చూడాల్సినవే. అభిమాన జట్టువైతే అన్నీ.

నాలుగు మ్యాచ్‌లు కలిపి కట్టే కాంబోలు ఇంకా దారుణం. 1.90 చొప్పున నాలుగు కలిస్తే 13 రెట్లు వస్తాయని ఊరిస్తారు. కానీ సమ ఉజ్జీల మధ్య నాలుగూ గెలిచే అవకాశం 16లో ఒకటే. ఒక్క పందెంలో 5 శాతమున్న బుకీ వాటా ఇక్కడ 18 శాతం దాటుతుంది.

సీజన్ మొత్తానికి పోయినా ఇల్లు గడిచే మొత్తం ఎంతో ఇప్పుడే విడిగా తీసిపెట్టండి, అప్పు తెచ్చి మాత్రం కాదు. ఒక్కో పందేనికి అందులో 1 శాతం చాలు. ఎంత పందెం కాయొచ్చో లెక్కగట్టడానికి 1956లో అమెరికన్ శాస్త్రవేత్త జాన్ కెల్లీ ఇచ్చిన సూత్రం ప్రకారం, 1.90 ఆడ్స్‌కి గెలిచే అవకాశం 55 శాతమైతే 5 శాతం దాకా పెట్టొచ్చు, 52 శాతమైతే పైసా కూడా పెట్టకూడదు. అంత సన్నటి తేడాని కచ్చితంగా పట్టగలమని నేనైతే అనుకోను.

అసలు కొంపలు ముంచేది ‘పోయినచోటే వెతుక్కోవాలి’ అనే పంతం. 100తో మొదలుపెట్టి, ఓడినప్పుడల్లా రెట్టింపు చేస్తూ పోతే ఏడు ఓటములకే 12,700 పోతాయి. ఎనిమిదోసారి 12,800 పెట్టి 1.90కి గెలిచారే అనుకోండి, లాభం 11,520. అంటే గెలిచి కూడా 1,180 నష్టం! ‘ఇన్నిసార్లు ఓడాం, ఇక గెలవాలి కదా’ అనడానికీ ఆధారం లేదు. రౌలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఎరుపు గడిలో ఆగుతుందా, నలుపు గడిలో ఆగుతుందా అని పందెం కాసే ఆట. 1913లో మాంటే కార్లో క్యాసినోలో ఆ బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఈసారి ఎరుపు ఖాయమంటూ పెట్టినవాళ్లు భారీగా పోగొట్టుకున్నారు.

మ్యాచ్ నడుస్తుండగా పందెం వద్దు. మీ తెర మీదికి ఆట కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అవతలివాళ్లకి అంతకన్నా ముందే తెలుస్తుంది. తాగి ఉన్నప్పుడు సరేసరి. గెలిచే జట్టు ముందే తెలుసని చెప్పుకునే ‘ఫిక్స్‌డ్ టిప్స్’ గ్రూపుల్లో సగం మందికి ఒక జట్టు పేరు, మిగతా సగానికి రెండో జట్టు పేరు పంపితే చాలు, ఎవరో ఒకరికి వాళ్లు జ్యోతిష్కుల్లా కనిపిస్తారు.

పందేల యాప్‌లో ఎంతకు మించి డబ్బు వేయకూడదో ఆ డిపాజిట్ పరిమితి ఈరోజే పెట్టుకోండి. ఇంట్లో అబద్ధాలు చెప్పడం, అప్పులు చేయడం, నిద్రపట్టక ఆడ్స్ చూస్తూ కూర్చోవడం ఇప్పటికే మొదలైతే ఈ జాగ్రత్తలేవీ సరిపోవు. ఖాతాని మీరే బ్లాక్ చేయించుకునే సదుపాయం ఉంటే వాడుకోండి, డబ్బు వ్యవహారం ఇంట్లో నమ్మకమైన మనిషికి అప్పగించండి, మానసిక వైద్యుణ్ని కలవండి.